దైవశిక్ష: నేరం ఎవరిది, తీర్పు ఎవరిది?

2020లో కరోనా మీద తెలుగులో కుప్పలు తెప్పలుగా కవిత్వం వచ్చింది. అందులో నిలబడే కవిత్వం కొంత ఉంది. కాని చాలా కవితల్లో ఒకే మాట రకరకాల ప్రతీకల్లో తిరిగి తిరిగి వినపడింది: మనిషి విర్రవీగాడు, ప్రకృతి శిక్షించింది అని. రాసినవాళ్లలో దేవుణ్ణి నమ్మనివాళ్లూ ఉన్నారు. దేవుడనే మాట కొట్టేసి ఆ చోట ప్రకృతి అని రాస్తే భావవాదం భౌతికవాదమైపోతుందని వాళ్లనుకున్నట్టుంది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో, తెలంగాణ మిరపతోటల్లో కూలికి వచ్చిన పన్నెండేళ్ల ఆదివాసీ పిల్ల బస్సుల్లేక అడవి దారిన రోజుల తరబడి నడిచి, బస్తర్‌లోని ఇల్లు ఇంకాస్త దూరం ఉండగా కూలిపోయి చనిపోయింది. మే 8న ఔరంగాబాద్ దగ్గర, నడిచి నడిచి అలసి రైలు పట్టాల మీద నిద్రపోయిన పదహారు మంది వలసకూలీల మీదుగా గూడ్సు బండి వెళ్లిపోయింది. వీళ్లు ఎప్పుడు విర్రవీగారు? ఎవరి మీద విర్రవీగారు? ఆ కవితల్లోని 'మనిషి' అనే ఏకవచనం ఈ ప్రశ్నను మింగేసింది. లాక్‌డౌన్ ప్రకటించినవాడూ, దానివల్ల రోడ్డున పడ్డవాడూ ఒకే 'మనిషి' అయిపోయారు. శిక్ష మాత్రం ఒకడికే పడింది.

ఆ కవుల పేర్లు ఇక్కడ అనవసరం. వాళ్ల పొరపాటు వెనక చాలా పాత భావం ఒకటుంది. అది దైవశిక్ష. ఏ సమాజం దాన్ని ఎలా అర్థం చేసుకుంది, సాహిత్యం ఆ తీర్పును ఎక్కడ తలకెత్తుకుంది, ఎక్కడ తిరగదోడింది అన్నది పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. దైవశిక్ష కథ ఎక్కడ ఎదురైనా నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. నేరం చేసిందెవరు? శిక్ష పడిందెవరికి? తీర్పు చదివిందెవరు? ఆ తీర్పువల్ల బాగుపడిందెవరు? ఈ నాలుగింటికీ ఒకే జవాబు వచ్చే కథ ఒక్కటీ కనపడదు. ఆ తేడాలోనే సమాజం కనిపిస్తుంది.

1

దైవశిక్ష అన్ని మతాల్లోనూ ఒకటేననీ, భయం నుంచి పుట్టిందనీ ఒక్క మాటలో తేల్చేయడం మనలో కొందరికి అలవాటు. అది తొందరపాటు. భయం ఒకటే కావచ్చు గాని, ఆ భయానికి ప్రతి సమాజమూ తన సంబంధాల రూపమే ఇచ్చుకుంది.

క్రీస్తుపూర్వం 17వ శతాబ్దం నాటి మట్టిపలకల మీద దొరికిన మెసొపొటేమియా గాథ 'అత్రాహాసిస్' చూడండి. మొదట్లో చిన్న దేవతలు కాలువలు తవ్వుతూ వెట్టి చేస్తారు. విసిగిపోయి పనిముట్లు తగలబెట్టి పెద్ద దేవుడు ఎన్‌లిల్ ఇంటి మీదికి పోతారు. ఆ చాకిరీ చేయడానికే మట్టితో మనిషిని తయారు చేస్తారు. మనుషులు పెరుగుతారు, వాళ్ల గోలకు ఎన్‌లిల్‌కు నిద్ర పట్టదు. తెగులు పంపుతాడు, కరువు పంపుతాడు, చివరికి జలప్రళయం పంపుతాడు. ఇందులో పాపం ప్రసక్తి లేదు. యజమాని నిద్రకు భంగం కలగడమే నేరం. ప్రళయంలో మనుషులు పోయాక నైవేద్యం పెట్టేవాడు లేక దేవతలు ఆకలితో మాడతారు. కష్టజీవి లేకపోతే దేవుడికి పూట గడవదని మూడున్నర వేల ఏళ్లకు ముందటి కవికి తెలుసు.

గ్రీకుల 'ఇలియడ్' ఒక తెగులుతో మొదలవుతుంది. అపొలో పూజారి కూతుర్ని అగమెమ్నాన్ చెరపట్టి, అడగవచ్చిన తండ్రిని అవమానించి పంపాడు. అపొలో బాణాలు వేశాడు. ముందు కంచరగాడిదలూ కుక్కలూ చచ్చాయి, తర్వాత సైనికులు చచ్చారు. అగమెమ్నాన్‌కు జ్వరమైనా రాలేదు. నేరం రాజుది, చితులు సైనికులవి. రెండో సర్గలో థెర్సిటీస్ అనే మామూలు సైనికుడు లేచి, ఈ యుద్ధంలో దోపిడీ సొత్తంతా నీకే పోతోందని రాజును నిలదీస్తే, ఒడిస్యూస్ వాడి వీపు మీద రాజదండంతో కొడతాడు. దేవుడి తీర్పు చదవడానికి పురోహితుడికి అనుమతి ఉంది, లోకం తీర్పు చదవడానికి సైనికుడికి లేదు.

యూదుల చరిత్రలో ఈ భావం వేరే పని చేసింది. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో బాబిలోనియన్లు జెరూసలేమును పడగొట్టి జనాన్ని చెరపట్టుకుపోయారు. శత్రువు దేవుడు గెలవలేదు, మా దేవుడే మా తప్పులకు మమ్మల్ని దండించాడు అని ఆ జనం చెప్పుకున్నారు. ఓడిన జాతికి అది నిలదొక్కుకునే మాట. చరిత్ర ఇంకా తమ చేతిలోనే ఉందనే భరోసా అందులో ఉంది. కాని అదే సంప్రదాయంలోంచి తండ్రుల పాపానికి పిల్లలు శిక్ష అనుభవించడమేమిటని యెహెజ్కేలు ప్రవక్త ఎదురు తిరిగాడు. యోబు గ్రంథం ఇంకా ముందుకు పోయింది. ఆ సంగతి తర్వాత చూద్దాం.

చైనాలో వేలు రాజు వైపు తిరిగింది. వరదలూ కరువులూ వస్తే 'ఆకాశం' పాలకుడి మీద ఆగ్రహించిందని అర్థం. హాన్ వంశ కాలంలో ఇది రాజనీతిలో భాగమైంది. చక్రవర్తులు తమను తాము నిందించుకుంటూ శాసనాలు వేయించేవారు. రైతు తిరుగుబాట్లకు ఈ భావం చాలాసార్లు ఆయుధమైంది. అయినా అక్కడే, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో షున్‌జీ ఆకాశం నడక మంచిరాజు కోసమూ చెడ్డరాజు కోసమూ మారదని చెప్పాడు. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో వాంగ్ చొంగ్ పిడుగు పాపిని వెతుక్కుని పడదనీ, అది నిప్పనీ, కాలిన ఒళ్లే దానికి సాక్ష్యమనీ వాదించాడు.

ఇస్లాంలో ఆద్, సమూద్ జాతుల నాశనం గురించిన హెచ్చరికలు ఖురానులో ఉన్నాయి. అయితే అదే సంప్రదాయంలో తెగులుతో చనిపోయిన విశ్వాసికి అమరవీరుడి హోదా ఉంది. అంటే వ్యాధి వచ్చినవాడు నేరస్తుడన్న మాట అక్కడ చెల్లదు. 7వ శతాబ్దంలో సిరియాలో తెగులు పుట్టిందని విని ఖలీఫా ఉమర్ దారిలోనే వెనక్కి మళ్లాడు. దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నావా అని అడిగితే, ఒక దైవ నిర్ణయం నుంచి మరో దైవ నిర్ణయంలోకి పోతున్నానని అర్థం వచ్చేలా జవాబు చెప్పాడంటారు. 14వ శతాబ్దంలో గ్రనడాకు చెందిన ఇబ్న్ అల్ ఖతీబ్ తెగులు అంటువ్యాధేనని అనుభవం ఆధారంగా వాదించాడు.

కాబట్టి ప్రతి మతం లోపలా రెండు గొంతులున్నాయి. తీర్పు చదివే గొంతు ఒకటి, అప్పీలు చేసే గొంతు ఒకటి. మతాల మధ్య తేడా కన్నా ఈ రెండు గొంతుల మధ్య తేడా పెద్దది.

2

మన దేశంలో దేవుడు స్వయంగా కోపించాల్సిన అవసరం చాలావరకు లేకుండా పోయింది. ఆ పని కర్మ సిద్ధాంతం చేసింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా అన్నారు. ఈ సిద్ధాంతం బలమంతా నేరం కనపడకపోవడంలో ఉంది. శిక్ష కళ్ల ముందుంటుంది, నేరం గత జన్మలో ఉంటుంది. ఇంక విచారణ ఎక్కడ? పుట్టుకే శిక్ష అయినప్పుడు పుట్టినవాడే తన నేరానికి సాక్ష్యం. ప్రపంచంలో ఏ న్యాయస్థానమూ ఇంత సులువుగా నేరం రుజువు చేయలేదు.

దీన్ని ప్రశ్నించిన గొంతు ఇక్కడా ఉంది. లోకాయతుల సంగతి అలా ఉంచండి. మనిషి అనుభవించే ప్రతి బాధా పూర్వకర్మ ఫలమేనా అని శివకుడనే పరివ్రాజకుడు అడిగితే బుద్ధుడు కాదన్నాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు, దెబ్బలు ఇలా ఎన్నో కారణాలు చెప్పి, కర్మను అందులో ఒకటిగా మాత్రమే ఉంచాడు. రోగానికి రోగ కారణమే వెతకాలన్న ఆలోచన అది.

ఉత్తర రామాయణంలోని శంబూకుడి కథలో దైవశిక్ష తర్కం నగ్నంగా కనపడుతుంది. బ్రాహ్మణుడి బిడ్డ అకాలంగా చనిపోతాడు. రాజ్యంలో ఎక్కడో అధర్మం జరుగుతోందని నారదుడు తీర్పు చదువుతాడు. శూద్రుడు తపస్సు చేయడమే ఆ అధర్మం. రాముడు వెళ్లి తల నరుకుతాడు, బిడ్డ బతుకుతాడు. వరస గమనించండి. మొదట విపత్తు వచ్చింది, తర్వాత నేరస్తుణ్ణి వెతికారు, ఎవడు దొరకాలో వాడే దొరికాడు. త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబూక వధ' నాటకం ఈ కథను రంగస్థలం మీద తిరిగి విచారణకు పెట్టింది. తెలుగులో దైవశిక్ష మీద వేసిన పెద్ద అప్పీళ్లలో అది ఒకటి.

భారతంలో మాండవ్యుడి కథ ఇంకో రకం. మౌనవ్రతంలో ఉన్న మునిని దొంగల తోడుదొంగ అనుకుని రాజు కొరత వేయిస్తాడు. ముని యముడి దగ్గరికి పోయి, నేనేం చేశానని నాకీ శిక్ష అని అడుగుతాడు. చిన్నతనంలో పురుగులను పుల్లతో గుచ్చావు అంటాడు యముడు. తెలియని వయసులో చేసిన చిన్న తప్పుకు ఇంత దండనా అని ముని మండిపడి, పద్నాలుగేళ్ల లోపు చేసినది పాపం కాదని కొత్త చట్టం చేస్తాడు. శిక్ష పడ్డవాడు న్యాయమూర్తిని బోనెక్కించిన కథ ఇది. ఇంతవరకు గొప్పగా ఉంది. కాని ముని యముడికి వేసిన శిక్ష ఏమిటి? శూద్ర స్త్రీ కడుపున పుట్టమని. అలా పుట్టినవాడే విదురుడు. దేవుడి మీద తిరగబడ్డ కథ కూడా వర్ణవ్యవస్థ దగ్గరికొచ్చేసరికి మోకరిల్లింది. యముడికి సైతం శూద్ర జన్మ కంటే పెద్ద శిక్ష కథకుడికి తోచలేదు. ఒక కథలో తిరుగుబాటు ఎంతుందో, దాని హద్దు ఎక్కడుందో రెండూ చూడడమే విమర్శ.

3

తీర్పు చదివినవాడు ఊరికే ఉండడు, అమలు చేయమంటాడు. దేవుడు మొదలుపెట్టిన శిక్షను పూర్తిచేసే బాధ్యత గుంపు తీసుకుంటుంది. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో వందల మంది యూదులను తగలబెట్టారు. బావుల్లో విషం కలిపి తెగులు తెచ్చారని నేరారోపణ. అప్పటికింకా ఆ ఊళ్లోకి తెగులు రానేలేదు. యూదులూ తెగులుతో చస్తున్నారు కదా, వాళ్లెలా తెచ్చారని అప్పటి పోపు ఆరవ క్లెమెంట్ అంతకు ముందే ప్రకటించినా వినిపించుకున్నవాళ్లు లేరు. యూదులకు బాకీపడ్డవాళ్ల అప్పులు మాత్రం రద్దయ్యాయి. నాలుగో ప్రశ్నకు జవాబు అక్కడుంది.

1755 నవంబర్ 1న, పునీతుల పండుగ నాడు, జనం చర్చిల్లో ఉండగా లిస్బన్‌ను భూకంపం కూల్చింది. వొల్టేర్ మరుసటి ఏడాది ఒక పద్యంలోనూ, 1759లో 'కాందీద్' నవలలోనూ దైవ సంకల్పాన్ని నిలదీశాడు. దైవాన్ని సమర్థించబోయి వొల్టేర్‌కు ఉత్తరం రాసిన రూసో ఒక విలువైన మాట అన్నాడు: ఆరేడు అంతస్తుల ఇళ్లు ఇరవై వేలు ఒకేచోట కట్టింది ప్రకృతి కాదు గదా అని. దేవుణ్ణి కాపాడబోయి సామాజిక కారణాన్ని పట్టుకున్నాడు. అక్కడి మంత్రి పొంబాల్, భూమి ఎంతసేపు కంపించింది, ఎన్నిసార్లు కంపించింది, ఎందరు పోయారు అని ఊరూరికీ ప్రశ్నలు పంపాడు. ఇది దైవశిక్షేనని కరపత్రం వేసిన జెసూట్ మతగురువు మలగ్రీదాను 1761లో మత న్యాయస్థానమే గొంతు బిగించి చంపి కాల్చింది. పొంబాల్ జ్ఞానోదయానికి కూడా ఒక చితి కావాల్సి వచ్చింది.

ఈ విషయం మీద ప్రపంచ సాహిత్యంలో ఒకే కథ చదవమంటే జర్మన్ రచయిత క్లైస్ట్ 1807లో ప్రచురించిన 'చిలీలో భూకంపం' చదవమంటాను. కథ 1647లో సాంతియాగోలో జరుగుతుంది. పెళ్లి కాకుండా బిడ్డను కన్నందుకు యోసెఫేకు మరణశిక్ష పడింది. ఆమె ప్రియుడు యెరోనిమో జైల్లో ఉరి పోసుకోబోతున్నాడు. సరిగ్గా అప్పుడు భూకంపం వస్తుంది. జైలు కూలుతుంది, న్యాయస్థానం కూలుతుంది, ఇద్దరూ బయటపడతారు. ఊరి బయట లోయలో ఒక్క రాత్రి దొరా బిచ్చగాడూ ఒకే కుటుంబంలా కలిసి తింటారు. మర్నాడు మిగిలిన ఒకే ఒక్క చర్చిలో కృతజ్ఞతా ప్రార్థనకు వెళ్తారు. అక్కడ మతగురువు ఈ విపత్తు ఆ ఇద్దరి పాపానికి శిక్ష అని బోధిస్తాడు. గుంపు వాళ్లనూ, పొరపాటున మరో స్త్రీనీ కొట్టి చంపుతుంది. వాళ్ల బిడ్డ అనుకుని వేరొకరి పసివాణ్ణి స్తంభానికేసి బాదుతుంది.

క్లైస్ట్ ఎక్కడా వాదించడు. ప్రేమికులకు భూకంపం దేవుడి దయ, మతగురువుకు అదే దేవుడి కోపం. రెండూ సంఘటన మీద మనుషులు పెట్టిన అర్థాలే. కథనంలో 'అన్నట్టు', 'అనిపించింది' వంటి మాటలతో ఏ అర్థాన్నీ తనది చేసుకోకుండా రచయిత దూరంగా నిలబడతాడు. అన్నింటికన్నా ముఖ్యం లోయలోని ఆ రాత్రి. ఆస్తులు కూలిన ఒక్క రాత్రి సమానత్వం సాధ్యమైంది. వ్యవస్థలో ఒకే ఒక్క చర్చి మిగిలితే చాలు, తెల్లారేసరికి పాత హత్యలు తిరిగి మొదలయ్యాయి.

కథలో జరిగినది 1923 సెప్టెంబర్ 1 తర్వాత టోక్యోలో నిజంగా జరిగింది. భూకంపం, మంటలు లక్షమందికి పైగా ప్రాణాలు తీశాయి. విలాసాలకు అలవాటుపడ్డ జాతికి ఇది 'ఆకాశదండన' అని షిబుసావా ఎయిచి వంటి పెద్ద పారిశ్రామికవేత్తలు ప్రకటించారు. అదే రోజుల్లో కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారన్న పుకారుతో వేలమంది కొరియన్లను ఊచకోత కోశారు. అరాచకవాది ఒసుగి సకాయెనూ, రచయిత్రి ఇతో నోయెనూ, వాళ్లతో ఉన్న ఆరేళ్ల మేనల్లుణ్ణీ సైనిక పోలీసులు చంపేశారు. ఆకాశదండన వాదాన్ని ఒప్పుకోనని కథకుడు అకుతాగవా అప్పుడే రాశాడు. స్ట్రాస్‌బర్గ్ బావులకూ టోక్యో బావులకూ మధ్య ఆరు వందల ఏళ్ల దూరం ఉంది. పుకారు మాత్రం ఒకటే.

4

1934 జనవరి 15న బీహార్‌లో భూకంపం వచ్చి బీహార్, నేపాల్‌లలో పదివేల మందికి పైగా చనిపోయారు. గాంధీ అప్పుడు హరిజన యాత్రలో ఉన్నాడు. అంతకు కొద్ది వారాల ముందు ఆంధ్ర జిల్లాల్లో తిరిగి వెళ్లాడు. తిరునల్వేలిలో మాట్లాడుతూ, అంటరానితనమనే పాపానికి దేవుడు విధించిన శిక్ష ఇది అన్నాడు. టాగూరు నిరసిస్తూ ప్రకటన పంపితే గాంధీ దాన్ని ఫిబ్రవరి 16 నాటి 'హరిజన్'లో తన జవాబుతోపాటు వేశాడు.

టాగూరు వాదన సారాంశం ఇది: భౌతిక విపత్తులకు భౌతిక కారణాలే ఉంటాయి, నైతిక నియమాన్ని భూమి కదలికతో ముడిపెడితే, ఇదే వాదాన్ని గాంధీ ప్రత్యర్థులు గాంధీ ఉద్యమం మీదికే సులభంగా తిప్పగలరు. గాంధీ తన నమ్మకాన్ని రుజువు చేయలేనని ఒప్పుకున్నాడు, ఎగతాళికి భయపడి దాచుకోవడం పిరికితనమవుతుందన్నాడు. నెహ్రూ కూడా తన ఆత్మకథలో గాంధీ మాటతో విభేదించాడు.

మన పత్రికల్లో ఈ వాదాన్ని మూఢనమ్మకానికీ శాస్త్రానికీ మధ్య పోటీగా చెప్పి వదిలేస్తుంటారు. అది సగమే. ఇక్కడ లక్ష్యం మంచిది. అంటరానితనాన్ని పాపమనడంలో గాంధీ సనాతనుల మీద వాళ్ల భాషనే ప్రయోగించాడు. శంబూకుడి కథను తలకిందులు చేసి, విపత్తుకు కారణం శూద్రుడి తపస్సు కాదు, సవర్ణుడి అహంకారం అన్నాడు. కాని నాలుగు ప్రశ్నల్లో మొదటిదాన్నే మార్చాడు, మిగిలిన మూడూ అలాగే ఉండిపోయాయి. శిథిలాల కింద చనిపోయినవాళ్లలో అంటరానివాళ్లు లేరా? తమను అంటరానివాళ్లను చేసిన పాపానికి వాళ్లే శిక్ష అనుభవించారా? తీర్పు చదివే హక్కు మళ్లీ ఒక మహాత్ముడికే ఎందుకుండాలి? తర్కం పాతదే అయినప్పుడు లక్ష్యం ఎంత మంచిదైనా అది ఎదుటివాడి చేతికి అందే కత్తి. భూకంపానికి అంటరానితనం కారణం కాదు. అయితే విపత్తు వచ్చాక అంటరానితనం తన పని తాను చేస్తూనే ఉంటుంది. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో సహాయ శిబిరాల్లో దళితుల పట్ల చూపిన వివక్ష బయటికొచ్చింది. రచయిత వెతకాల్సింది ఈ రెండో సంబంధాన్ని.

5

ఇంతవరకు చెప్పింది పైనుంచి చదివిన తీర్పుల సంగతి. కింది నుంచి వచ్చే మాట కూడా ఉంది. దాన్ని విడిగా చూడకపోతే పొరపడతాం.

పొలం లాక్కున్న ఆసామిని చూసి ముసలమ్మ మెటికలు విరుస్తుంది. నా ఉసురు తగలకపోదంటుంది. ఆమెకు కోర్టు లేదు, వకీలు లేడు, పోలీసు ఆసామివాడు. పైనున్నవాడొక్కడే ఆమె ఫిర్యాదు తీసుకునేవాడు. ఇది మూఢనమ్మకమని నవ్వి పోయేవాడు ఆమె వేదననే గాక ఆమె నేరారోపణను కూడా కొట్టేస్తున్నాడు. ఆ ఆరోపణ నిజం, న్యాయస్థానం మాత్రమే లేనిది. ఉసురు మాటలో ఉన్న ఆరోపణను నిలబెట్టి, దాన్ని వినే న్యాయస్థానం భూమ్మీద కట్టుకోవాలని చెప్పడం మన పని.

గ్రామదేవతల సంగతీ ఇలాంటిదే. మశూచి వస్తే అమ్మవారు పోసిందన్నారు. రోగి పాపి అనలేదు. తల్లి ఒంట్లోకి వచ్చిందని వేపమండలు పరిచి, చల్లబరిచి, పొలిమేర దాకా సాగనంపారు. ఇందులో పాపపు ఒప్పుకోలు లేదు. ఊరంతా కలిసి చేసే బేరం ఉంది. పురాణాల దేవుడు తీర్పరి అయితే పోలేరమ్మ కోపగొండి చుట్టం. అయినా ఈ సంప్రదాయాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అమ్మవారి కోపం తీర్చడానికి జోగినిగా వదిలినది దళిత ఆడపిల్లలనే. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం తేవాల్సి వచ్చింది. మశూచి భారతదేశంలో 1975తో ముగిసింది, 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. టీకా ఆ పని చేసింది. అమ్మవారు గుళ్లో ఉంది గాని, ఆమె పేరు మీద పోయే పిల్లలు లేరు.

1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచింది. అధికారిక లెక్కల్లోనే మృతులు పదివేల దాకా ఉన్నారు. సముద్రుడి ఆగ్రహం, విధి వైపరీత్యం అనే మాటలు అప్పుడూ దొర్లాయి. కాని ఉప్పెన సొర్లగొంది వంటి తీర గ్రామాల్లో మట్టిగోడల, తాటాకు గుడిసెల మీదుగా పోయింది. డాబాలున్న చోట డాబా ఎక్కినవాళ్లు బతికారు. సముద్రానికి కులం, వర్గం తెలియవు. ఇంటి గోడకు తెలుసు.

6

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. మనిషి సాధించిన ప్రతి విజయానికీ ప్రకృతి ప్రతీకారం తీర్చుకుంటుందని ఏంగెల్స్ కూడా అన్నాడు గదా అని. అన్నాడు. వానరుడు నరుడుగా మారడంలో శ్రమ పాత్ర గురించి 1876లో రాసిన వ్యాసంలో ఆ అర్థం వచ్చే మాట ఉంది. కాని ఆ మాట తర్వాత ఏంగెల్స్ ఏం చేశాడో చూడాలి. అడవులు నరికి సాగుభూములు చేసుకున్న మెసొపొటేమియా, గ్రీసు, ఆసియా మైనర్‌ల పేర్లు చెప్పాడు. ఊటలు ఎలా ఎండాయో, వరదలు ఎలా వచ్చాయో చెప్పాడు. తక్షణ లాభం చూసుకునే ఉత్పత్తి విధానాన్ని వేలెత్తి చూపాడు. ఆయన ప్రతీకారం అన్నది ఉపమానం, దాని వెంట కారణాల జాబితా ఉంది. మన కరోనా కవితల్లో ఉపమానం మిగిలింది, జాబితా పోయింది. వాతావరణ మార్పు రోజురోజుకూ ముదురుతున్న ఈ కాలంలో ఈ తేడా చిన్నది కాదు. పొగ వదిలింది ఎవరు, పంట పోగొట్టుకుంది ఎవరు అని అడగకుండా భూమాత కోపించిందని రాస్తే, ఆ పద్యం పొగ వదిలినవాడికి వకాల్తా పుచ్చుకున్నట్టే.

కథల్లో ఈ జబ్బుకు మరో రూపముంది. దుర్మార్గుడైన భూస్వామి కథ చివర పాముకాటుకో పక్షవాతానికో గురవుతాడు. అభ్యుదయ కథలమని చెప్పుకునేవాటిలోనూ ఇది ఉంది. పాఠకుడికి కసి తీరుతుంది. కాని నిజ జీవితంలో ఆ భూస్వామి తొంభై ఏళ్లు హాయిగా బతికి, కొడుకును శాసనసభకు పంపి పోతాడు. చేతగాని చోట రచయిత దేవుణ్ణి కూలికి పెట్టుకున్నాడన్నమాట.

దీనికి ఎదురుగా నిలిచే రచనలు మూడు చెప్తాను. మొదటిది యోబు గ్రంథం. ఏ తప్పూ చేయని యోబు ఆస్తినీ పదిమంది పిల్లలనూ పోగొట్టుకుని పుండ్లతో బూడిదలో కూర్చుంటే, మిత్రులు వచ్చి నీ పాపమేదో ఒప్పుకో అని నీతులు చెప్తారు. యోబు ఒప్పుకోడు. చివరికి దేవుడే ఆ మిత్రులు తప్పు మాట్లాడారంటాడు. యోబుకు కొత్తగా పదిమంది పిల్లలు పుడతారు. చచ్చిన పదిమంది సంగతి ఆ గ్రంథం ఎత్తదు. ఆ మౌనం దగ్గర పాఠకుడు ఆగిపోవాలి. రెండోది 1947లో వచ్చిన కామూ నవల 'ప్లేగు'. ఫాదర్ పనెలూ మొదటి ప్రసంగంలో తెగులు మీకు తగిన శిక్షే అంటాడు. తర్వాత న్యాయమూర్తి కొడుకు పసివాడు గంటల తరబడి గిలగిల్లాడి చనిపోవడం కళ్లారా చూస్తాడు. రెండో ప్రసంగంలో 'మీరు' పోయి 'మనం' వస్తుంది. తీర్పు చదివేవాడు బోనులోకి దిగిన క్షణాన్ని కామూ ఒక సర్వనామంలో పట్టుకున్నాడు.

మూడోది మనది. 1960ల మధ్యలో వచ్చిన కాళీపట్నం రామారావు 'యజ్ఞం'. అందులో దేవుడు కోపించడు, ఉప్పెన రాదు. పంచాయితీ కూర్చుని ధర్మం పేరుతో తీర్పు చెబుతుంది. అప్పల్రాముడి బాకీ అతని కొడుకుల మీదికీ, వాళ్ల పిల్లల మీదికీ దిగుతుంది. తండ్రుల పాపం పిల్లలకు చుట్టుకోవడమనే పాత దైవశిక్ష, ప్రామిసరీ నోటు రూపంలో మళ్లీ వచ్చింది. ఆ బాకీకి వారసుడు ఉండకూడదని సీతారాముడు కన్నకొడుకునే నరికి తెస్తాడు. ఆ ముగింపు మీద వచ్చినంత చర్చ తెలుగులో మరే కథ ముగింపు మీదా రాలేదంటే అతిశయోక్తి కాదు. కర్మ అనే మాట వెనక ఉన్న అప్పు లెక్కను బట్టబయలు చేయడం వల్లనే ఆ కథ ఇంకా మనల్ని నిద్రపోనివ్వడం లేదు.

రేపు మళ్లీ తుఫాను వస్తుంది, మళ్లీ ఏదో రోగం వస్తుంది. వెంటనే తీర్పు చదివేవాళ్లూ వస్తారు. ఒకడు పాపమంటాడు, ఒకడు కర్మ అంటాడు, ఒకడు ప్రకృతి కోపమంటాడు. ఆ పూట కలం పట్టే యువ రచయితలు ఒక్క పని చేస్తే చాలు. చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి గోడలు దేనితో కట్టుకున్నారో చూడండి. హెచ్చరిక ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో అడగండి. బియ్యం లారీ ఏ వీధిలో ఆగిందో రాసుకోండి. ఆ తర్వాత రాయండి.

యోబు మిత్రులు కూడా మొదటి ఏడు రోజులూ మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పగానే న్యాయమూర్తులైపోయారు.